పిడుగుభూషణం చేసిన పని

మా విశ్వవిద్యాలయంలో మాటలకు కరువొచ్చిన ఏడాది సంగతి ఇది. అంతకు ముందు మాకు నీళ్ళకు కరువుండేది, కుర్చీలకు కరువుండేది, పరీక్ష ఫలితాలకైతే ఎప్పుడూ కరువే. మాటలు మాత్రం కావలసినన్ని ఉండేవి. ఎవరికి ఏది కావాలంటే అది వాడుకునేవాళ్ళం, లెక్క అడిగేవాడు లేడు.

ఆ ఏడు తెలుగులో పరిపాలన అనే ఉత్సాహం పై నుంచి ఉధృతంగా దిగివచ్చింది. నేను తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి మొదట అందరికన్నా నేనే సంతోషించాను. వచ్చిన ఉత్తర్వు తెలుగులోనే ఉంది. అందులో ఉన్న తప్పులు కూడా తెలుగువే. అయితే మా రిజిస్ట్రార్ గజవల్లి మార్తాండం గారు ఏ ఉత్తర్వునూ వచ్చింది వచ్చినట్టు అమలు చేసే మనిషి కాదు, దానికి సొంతంగా ఒక తోక తగిలిస్తే గాని ఆయనకు నిద్రపట్టదు. ఒక్కో తెలుగు మాటకు నాలుగేసి అర్థాలుండటం వల్లనే మన ఫైళ్ళు ఆలస్యమవుతున్నాయని ఆయన కనిపెట్టి, వెంటనే ఒక సర్క్యులర్ తీశారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయ పరిధిలో ఇకమీదట ఒక పదమునకు ఒకే అర్థము ఉండవలెను. రెండవ అర్థము వాడినవారిపై తగు చర్య తీసుకొనబడును."

ఏ మాట ఏ శాఖకు చెందాలో తేల్చడానికి సెనేటు హాల్లో సభ పెట్టారు. అది సభలా లేదు, పొలాలు పంచుకునే అన్నదమ్ముల గొడవలా ఉంది. 'వర్గం' మాదంటే మాదని గణితశాఖా, సమాజశాస్త్ర శాఖా గొంతులు చించుకున్నాయి. రాజనీతి శాఖతో ఒక పూటంతా యుద్ధం చేసి నేను 'సంధి'ని గెలుచుకున్నాను. 'పాత్ర'ను రసాయన శాస్త్రం వాళ్ళు ఎత్తుకుపోయారు. దాంతో ఆ ఏటి వార్షికోత్సవ నాటకంలో నటులున్నారు గాని పాత్రలు లేవు. 'సేవ' అనే మాటను రిజిస్ట్రార్ గారి ఆఫీసు, 'కృషి'ని వైస్ ఛాన్సలర్ గారి ఆఫీసు సభ మొదలవకముందే తమ పేర రాయించుకున్నాయని అక్కడికి వెళ్ళాక తెలిసింది. 'శ్రమ' అర్థశాస్త్రం వారికి పోయింది.

చివర్లో రిజిస్ట్రార్ గారు 'పని' అని చదివారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి గాని, పరీక్షల విభాగం నుంచి గాని, అకౌంట్స్ నుంచి గాని ఆ మాట తమకు కావాలని ఒక్కరూ చెయ్యెత్తలేదు. రెండోసారి చదివారు, మూడోసారి చదివారు. అప్పుడు వెనక వరసలోంచి భౌతికశాస్త్ర ప్రొఫెసర్ చిట్టెల్ల పుండరీకాక్షం గారు లేచి, "ఎవరికీ అక్కర్లేకపోతే మాకిచ్చెయ్యండి" అన్నారు.

ఈ పుండరీకాక్షం గారి గురించి కాస్త చెప్పాలి. మనిషి పొట్టి, బట్టతల, క్లాసులో మహా కచ్చితం. ఆయన సంచీలో జవాబు పత్రాలతో పాటు ఎప్పుడూ ఒక బొమ్మల కథల పుస్తకం ఉంటుంది. మూడో తరగతిలో ఉండగా 'చిచ్చుబుడ్డి' అనే మాసపత్రిక ఆయన చేతికి చిక్కింది. అందులో వీరుడు పిడుగుభూషణం. పగలు సర్వే శాఖలో గొలుసు లాగే చిరుద్యోగి. ఎవరికైనా ఆపదొస్తే పసుపు పంచె బిగించి, ఎర్ర కండువా భుజాన వేసి, కిటికీలోంచి ఎగిరిపోతాడు. గాల్లో దేన్నీ తన్నకుండా ఆ మనిషి పక్కకెలా తిరుగుతున్నాడని చిన్నప్పుడే పుండరీకాక్షం గారు సంపాదకుడికి ఉత్తరం రాశారు. "చిరంజీవీ, ముందు హోంవర్కు చేసుకో" అని జవాబు అచ్చయింది. ఆ సలహా పాటించి పాటించి ఆయన ప్రొఫెసరయ్యారు.

అయ్యాక కూడా అభిమానం తగ్గలేదు. పిడుగుభూషణం అభిమానులకు ఒక సంఘం ఉంది. ఏటా బెజవాడలో ఒక లాడ్జి మేడమీద కలుస్తారు. పిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనుషులు, బ్యాంకు మేనేజర్లు, ఒక డీఎస్పీ, అందరూ కూర్చుని కండువా మొదటి సంచికలో ఎరుపా, కాషాయమా అని కాలర్లు పట్టుకునేదాకా పోతారు. పుండరీకాక్షం గారు ఆ సంఘానికి కార్యదర్శి. నేనొకసారి ఆయనతో వెళ్ళి, కండువాల సంగతి నాకెందుకని మూల కూర్చుంటే, తిరిగొచ్చేప్పటికి కాషాయం పక్షాన వాదిస్తున్నాను.

తాను జీవితమంతా కూడబెట్టిన ఆ పుస్తకాలన్నీ ఆయన మా గ్రంథాలయానికి ఇచ్చేశారు. రిఫరెన్సు విభాగం పక్కన ఒక గది ఖాళీ చేయించి 'బొమ్మల కథల గది' అని బోర్డు పెట్టించారు. క్యాంపస్ పిల్లలు, చుట్టుపక్కల బడిపిల్లలు సాయంత్రమైతే అక్కడ చేరతారు. ఆ గదికి కాపలా, పెత్తనం అన్నీ ఎస్తేరే. ఒప్పందం మీద ఎన్నో ఏళ్ళ నుంచి ఉన్న మనిషి. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళు చేతులు కడుక్కున్నారో లేదో చూసి లోపలికి పంపుతుంది. పేజీ నాలుకతో తడిపి తిప్పినవాడికి ఆ రోజుకి అదే ఆఖరు పేజీ. ఆమె ఆ స్టూలు మీద లేని రోజు ఆ గది తెరవరు. తెరిస్తే సాయంత్రానికి పుస్తకాలు మిగలవని అందరికీ తెలుసు.

సరే, 'పని' భౌతికశాస్త్రానికి వచ్చింది. మాటలన్నిటికీ ఒక పదకోశం వేస్తున్నామని, అందులోకి నిర్వచనం రాసిమ్మన్నారు. పుండరీకాక్షం గారు ఉత్సాహంగా కూర్చుని రాశారు. "వస్తువుపై ప్రయోగించిన బలమును, బలదిశలో అది కదిలిన దూరముతో హెచ్చించగా వచ్చునది పని" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఉదాహరణ కూడా ఇచ్చారు. "ఉదా: పిడుగుభూషణం కూలిపోతున్న రైలు వంతెనను మూడు రోజులు రెండు చేతులతో మోసి నిలబెట్టెను. వంతెన కదలలేదు. కనుక అతడు చేసిన పని సున్న."

పదకోశం అచ్చయి వచ్చిన రోజు ఆయన నా గదికి పరిగెత్తుకొచ్చారు. "మాస్టారూ, పిడుగుభూషణం ప్రభుత్వ ప్రచురణలోకి ఎక్కాడు! సంఘానికి టెలిగ్రాం ఇవ్వాలనుంది, ఇప్పుడు టెలిగ్రాంలు లేవు గాని" అన్నారు. మేమిద్దరం క్యాంటీన్‌లో పెసరట్టు తిని పండగ చేసుకున్నాం. ఆ సంతోషంలో, ఆ నిర్వచనాన్ని పుస్తకంలో చదివి ఊరుకునే మనుషులే కాక, అమలు చేసే మనుషులు కూడా ఉంటారన్న ఆలోచన మాకు రాలేదు.

ఆ నెలలోనే ఎస్తేరుకు తాఖీదు వచ్చింది. ఆమె కాగితం పట్టుకుని పుండరీకాక్షం గారి దగ్గరకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏంటండీ ఇది సార్? నేనీ ఏడాదంతా ఏ పనీ చెయ్యలేదంట. నా ఒప్పందం ఈ నెలాఖరుకి ఆపేత్తారంట."

ఆయన కాగితం తీసుకుని చదివారు. 'చేసిన పని' అన్న గడిలో సున్న ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో 'చూడుడు: పదకోశము, ఉదాహరణ' అని ఉంది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఉదయం నుంచి సందె దాకా అక్కడే ఉంటన్నాను కదండీ. ఒక్క పూటన్నా తలుపు మూసానా? మా చిన్నదానికి జొరమొచ్చినా తీసుకొచ్చి స్టూలు పక్కనే కూకోబెట్టుకున్నాను. అది పని కాదంటే ఇంకేంటండీ?"

వంతెన సంగతి ఆమెకు చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఇద్దరం రిజిస్ట్రార్ గారి దగ్గరికి వెళ్ళాం. మార్తాండం గారు మమ్మల్ని చూసి లేచి నిలబడబోయి, లేస్తే తన బరువును తానే ఎత్తినట్టవుతుందని, ఆ పనిని ఎవరూ కొలవడం లేదని గుర్తొచ్చి, కూర్చునే నమస్కారం పెట్టారు.

"అది పాఠం చెప్పడానికి రాసిన నిర్వచనం అండీ" అన్నారు పుండరీకాక్షం గారు. "మనుషుల ఉద్యోగాలకు అది వర్తించదు."

"ప్రొఫెసర్ గారూ, ఒక పదమునకు ఒకే అర్థము. ఆ అర్థము తమరే దయచేసినారు. సంతకము కూడా తమదే."

"కానీ ఎస్తేరు రోజంతా..."

"సదరు ఉద్యోగిని రోజంతా కదలక యుండునని గ్రంథాలయాధికారి నివేదించినారు. కదలక యుండుటయే ఆమె విధి అని కూడా నివేదించినారు. అట్టి పరిస్థితులలో మేము సున్న కాక మరేమి వేయగలము?" అని ఆయన పదకోశం తెరిచి వేలు పెట్టి చూపించారు. "ఇంతకూ ఈ భూషణం గారు ఏ శాఖ?"

"ఆయన ఉద్యోగి కాదండీ. బొమ్మల కథలో..."

"అది మాకు అనవసరము. మూడు రోజులు వంతెన మోసిన వ్యక్తికే మనము సున్న వేసినాము. స్టూలు మీద కూర్చున్న వ్యక్తికి అంతకన్న అధికముగా వేసినచో ఆయనకు అన్యాయము జరిగినట్లు కాదా? రేపు భూషణం గారు కోర్టుకు వెళ్ళిన యెడల జవాబుదారీ ఎవరు?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం.

"ఇంటర్మీడియట్‌లో మొదటిసారి ఆ సూత్రం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు మాస్టారూ" అన్నారు ఆయన ఉన్నట్టుండి. "వంతెన కింద ఆయన నిలబడ్డ బొమ్మ నాకు అప్పటికి కంఠోపాఠం. మీద ఆగిపోయిన రైలు దాటేదాకా మూడు రోజులు మోశాడండీ. లెక్కేస్తే సున్న వచ్చింది. సైన్సు కదా, ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళుగా ప్రతి బ్యాచికీ అదే ఉదాహరణ చెప్పి నవ్వించాను. ఇప్పుడు ఆ నవ్వు పోయి పోయి ఆవిడ కూడు మీద పడింది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు బాధేసింది. కాని మేము బాధపడుతూ కూర్చునేలోపు విశ్వవిద్యాలయం మమ్మల్ని దాటి ముందుకెళ్ళిపోయింది.

ఎస్తేరు తాఖీదు సంగతి పొక్కగానే, సున్న తమ దాకా వస్తుందని అందరికీ భయం పట్టుకుంది. రిజిస్ట్రార్ గారు 'పని గణన సంఘము' వేశారు. పనిని కొలిచే ప్రమాణం జౌల్ అని భౌతికశాస్త్ర శాఖ తెలియజేస్తే, 'జౌళ్ళు సరఫరా చేయుటను గూర్చి' అని సంఘంవారు పొరపాటున చేనేత జౌళి శాఖకు ఉత్తరం రాశారు. వాళ్ళు మర్యాదగా దుప్పట్ల నమూనాలు పంపించారు.

కూర్చుని చేసేది ఏదైనా సున్నేనని తేలాక ఆఫీసుల్లో ఎవరూ కూర్చోలేదు. గుమాస్తాలు తమ బల్లల్ని గోడ నుంచి గోడకు తోసుకుంటూ రోజంతా గడిపారు. తత్వశాస్త్రం లెక్చరర్ ఒకాయన మాయావాదం చెబుతూ ఇనప బీరువాను క్లాసు చుట్టూ తిప్పారు. ఆ శాఖలో విద్యార్థులు నిద్రపోకుండా పాఠం విన్నది ఆ వారమే. "ఇంట్లో పని ఉన్నందున సెలవు కోరుచున్నాను" అని రాసిన ప్రతి అర్జీ, "ఎంత బలము, ఎంత దూరము?" అనే ప్రశ్నతో తిరిగొచ్చేది. మా అటెండరు ఒకడు "గేదెని లాగాలి, రాదు" అని రాసిస్తే, గేదె రాదు కనుక పని సున్న అని సెలవు నిరాకరించారు.

కొన్నాళ్ళకు గణన సంఘం మరో సూక్ష్మం పసిగట్టింది. ఫైలును సమతలంగా ఈ బల్ల నుంచి ఆ బల్లకు మోస్తే, బరువు విషయంలో పనేమీ జరగనట్టే. పైకి మోస్తేనే పని. కిందికి దించితే చేసిన పని కాస్తా తీసివేతలో పోతుంది. ఇక చూసుకోండి, ప్రతి సెక్షనూ తన ఫైళ్ళను పై అంతస్తుకు పంపడం మొదలుపెట్టింది. పైకి వెళ్ళిన ఫైలును కిందికి దించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఈ విషయంలో మాత్రం పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మాకు తేడా కనబడలేదు. మూడో అంతస్తు నిండిపోయాక డాబా మీద పేర్చారు. కింది అంతస్తు ఉద్యోగుల సంఘం, తమకు ఎక్కే అవకాశమే లేకుండా పోతోందని, బేస్‌మెంటు తవ్వించాలని ధర్నా చేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళడానికి మెట్లు దిగితే పొద్దుట నుంచీ చేసిందంతా పోతుందని చాలామంది దిగడం మానేశారు. లిఫ్టులో దింపుదామంటే, అప్పుడు పని లిఫ్టుది అవుతుంది. గణన సంఘం లెక్క తీస్తే ఆ ఏడు విశ్వవిద్యాలయంలో అందరికన్నా ఎక్కువ పని చేసింది లిఫ్టే అని తేలింది. ఉత్తమ ఉద్యోగి శాలువా దానికే కప్పారు. తలుపుల మధ్య శాలువా ఇరుక్కుని మర్నాటి నుంచి అది ఆగిపోయింది. 'లిఫ్టు పనిచేయుట లేదు' అని బోర్డు పెడితే, పురస్కారం పొందిన ఉద్యోగిని అలా అనడం మర్యాద కాదని తీసేశారు.

ఈలోపు నెలాఖరు ముంచుకొస్తోంది. పుండరీకాక్షం గారు ఒక ఉపాయంతో బొమ్మల కథల గదికి వచ్చారు. చేతిలో లెక్కలేసిన కాగితాలు.

"ఎస్తేరమ్మా, ఈ పుస్తకాలన్నీ కట్టలు కట్టి మేడ మీదికి చేరవేద్దాం. రోజూ కొన్ని. నీ పేర బోలెడంత పని నమోదవుతుంది. నేనూ మోస్తాను, అది కూడా నీ పేరే రాయిద్దాం."

ఎస్తేరు స్టూలు మీద నుంచి కదల్లేదు. "మేడ మీదికెళ్ళాక పిల్లలెక్కడ చదువుతారండీ?"

"పిల్లలు... డాబా మీద ఫైళ్ళున్నాయి గదా, వాటి మీద కూర్చుని..."

"వానొత్తే?"

ఆయన చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సార్, ఇయ్యి మీ పుస్తకాలు. మీరెంత ఆశగా ఇచ్చారో నాకు తెలుసు. నా ఉద్యోగం కోసరం ఈటిని తడిపేత్తారా? వద్దండి. పోతే పోద్ది. ఈ వారం దాకా నేనిక్కడ ఉంటాను, ఆనక ఎవరన్నా చేతులు చూసే మనిషిని పెట్టండి" అంది. అని, లోపల ఒక పిల్లాడు పేజీ మడుస్తున్నాడని లేచి వెళ్ళింది. అంతకు మించి ఆమె ఏడవలేదు, అరవలేదు. అదే మమ్మల్ని ఎక్కువ కోసింది.

పుండరీకాక్షం గారు అల్మరాల మధ్యకు వెళ్ళారు. ఒక సంచిక బయటికి తీశారు. వంతెన కథ ఉన్న సంచిక. దాన్ని తెరిచి బొమ్మ దగ్గరగా పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "మాస్టారూ, వైస్ ఛాన్సలర్ గారి దగ్గర పునర్విచారణ అడుగుదాం" అన్నారు.

వైస్ ఛాన్సలర్ గారు మాటలు తక్కువ మనిషి. 'కృషి' తీసుకున్నాక ఇంకా తగ్గించారు. పునర్విచారణకు ఆయన, రిజిస్ట్రార్ గారు, శాఖాధ్యక్షులు కొందరు, తెలుగు శాఖ తరఫున నేను హాజరయ్యాం. లిఫ్టు లేనందువల్ల అందరం మెట్లెక్కి వచ్చాం. ఎక్కినందుకు అందరి పేరా పని నమోదు చేయించారు రిజిస్ట్రార్ గారు.

పుండరీకాక్షం గారు లేచి పుస్తకం బల్ల మీద పరిచారు. "సార్, నేనిచ్చిన ఉదాహరణలో లోపముంది. బొమ్మ చూడండి. వంతెన కింద పిడుగుభూషణం. ఆయన ముఖం చుట్టూ ఏముంది?"

వైస్ ఛాన్సలర్ గారు వంగి చూశారు. "చుక్కలున్నాయి."

"చెమట చుక్కలండీ. బొమ్మల కథల్లో ముఖం చుట్టూ చుక్కలు గీస్తే చెమట అని అర్థం. ఇదే పుస్తకంలో ఆయన ఎగురుతాడు, రాక్షసుణ్ణి విసిరేస్తాడు, పడవని ఒడ్డుకి లాగుతాడు. ఆ బొమ్మల్లో ఎక్కడా ఒక్క చుక్క లేదు. కదలకుండా నిలబడ్డ ఈ ఒక్క బొమ్మలోనే చెమట పట్టింది. గీసినాయనకి ఫిజిక్స్ తెలియకపోవచ్చు గాని మనిషి సంగతి తెలుసు. వంతెన మీద జరిగిన పని సున్నే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కాని ఆయన కండరాల లోపల పోగులు క్షణం ఆగకుండా బిగుస్తూ సడలుతూనే ఉంటాయి. ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. లేకపోతే చెమటెందుకు? ఆయన మూడు రోజులు ఊరికే నిలబడలేదండీ."

జంతుశాస్త్ర శాఖాధ్యక్షురాలు కనకవల్లి గారు వెంటనే లేచారు. "కండరము లోపల జరుగునది మా శాఖ పరిధిలోనిది. భౌతికశాస్త్రం వారు మా అనుమతి లేకుండా లోపలికి ఎట్లు వెళ్ళినారు? చెమట కూడా మాదే. జాబితాలో చూడండి."

రిజిస్ట్రార్ గారు జాబితా చూసి, చెమట జంతుశాస్త్రానిదేనని ధ్రువీకరించారు. "కనుక ప్రొఫెసర్ గారి వాదన పరిధిని అతిక్రమించుచున్నది. నిర్వచనము పదకోశములో అచ్చయినది. మార్చుటకు వీలు లేదు. సదరు ఉద్యోగిని ఒప్పందము..."

"ఆగండి" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. ఆయన ఇంకా పుస్తకంలోనే ఉన్నారు. పేజీ తిప్పి, రైలు క్షేమంగా దాటిందని చూసుకుని, మళ్ళీ వెనక్కి తిప్పారు. "ఈయన చేసింది పని కాదన్నారు, సరే. మరి ఏమిటి చేసినట్టు? చెమట పట్టింది గదా. దానికో పేరుండాలి."

"మా శాస్త్రంలో లేదండీ" అన్నారు పుండరీకాక్షం గారు.

అందరూ నా వైపు తిరిగారు. తెలుగు శాఖ వల్ల విశ్వవిద్యాలయానికి ఒక ఉపయోగం కలగబోవడం అదే మొదలు కాబట్టి నేను లేచి చొక్కా సవరించుకున్నాను.

"'సేవ' అందామండీ" అన్నాను.

"అది మా కార్యాలయమునకు కేటాయించబడినది" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"'కృషి'?"

వైస్ ఛాన్సలర్ గారు తలెత్తి చూశారు. నేను ఆ మాట వెనక్కి తీసుకున్నాను. 'శ్రమ' అర్థశాస్త్రం వారిది. ఏ శాఖా కోరని మాటల జాబితా ఒకటి నా దగ్గర ఉంది, తీసి చూశాను. గొణుగుడు, కునుకు, నస, పెంట, చాకిరీ. అంతే మిగిలాయి.

"'చాకిరీ' ఒకటి ఖాళీగా ఉందండీ" అన్నాను.

రిజిస్ట్రార్ గారు ముఖం చిట్లించారు. "అది విశ్వవిద్యాలయ హోదాకు తగిన పదమేనా?"

"హోదా సంగతి తెలియదండీ. అర్థం మాత్రం ఒకటే ఉంది" అన్నాను.

ఒకే అర్థం ఉన్న మాట దొరికేసరికి మార్తాండం గారి ముఖం విప్పారింది. ఆయన సర్క్యులర్ వచ్చాక అలాంటి మాట ఆయనకు తగలడం అదే మొదటిసారి. ఇక అభ్యంతరం పెట్టలేకపోయారు. కలం తీసి స్వయంగా ఉత్తర్వు రాశారు. వైస్ ఛాన్సలర్ గారు సంతకం పెట్టారు. పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు, "చూసి పంపిస్తాను" అని సంచీలో పెట్టుకున్నారు.

ఉత్తర్వు ఆ పూటే నోటీసుబోర్డెక్కింది. దాని ముందు తోటమాలులు, స్వీపర్లు, హాస్టల్ వంటవాళ్ళు, పరీక్షల విభాగంలో మార్కులు ఎక్కించే రోజుకూలీ గుమాస్తాలు గుంపుగా చేరారు. తమ పేర్లూ అందులో కలపమని అక్కడికక్కడే అర్జీలు రాశారు. అధికారుల్లో ఒక్కరూ అర్జీ పెట్టుకోలేదు. వాళ్ళందరికీ పనుంది.

క్యాంపస్‌లో ఆ సంగతి తెలియని మనిషి ఎస్తేరు ఒక్కతే. పిల్లలున్నంతసేపూ ఆమె గుమ్మం వదిలి రాదు గదా. మేమే నకలు తీసుకుని వెళ్ళాం. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని, చదివి వినిపించమంది. పుండరీకాక్షం గారు గొంతు సవరించుకుని చదివారు.

"గ్రంథాలయ ఒప్పంద ఉద్యోగిని శ్రీమతి కొల్లాబత్తుల ఎస్తేరు గారు ఇన్ని సంవత్సరములుగా విశ్వవిద్యాలయమునందు ఎట్టి పనియు చేయక, కేవలము చాకిరీ మాత్రమే చేయుచున్నందున, వారి ఒప్పందమును పొడిగించడమైనది."

చదవడం అయ్యాక ఆయన తలెత్తలేదు. ఆ మాట ఆమెకు ఎలా తగులుతుందోనని నాకూ బెరుకుగానే ఉంది.

"అంటే రేపు నేను రావచ్చాండి?" అంది ఎస్తేరు.

"రావచ్చమ్మా. ఎల్లుండి కూడా."

ఆమె కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుంది. స్టూలు ముందుకి జరుపుకుని కూర్చుంది.

"నేను చేత్తంది చాకిరీ అని నాకు మొదట్నించీ తెలుసండి. ఆ ముక్క ఆఫీసోళ్ళకి తెలియడానికే ఇంతమంది మెట్లెక్కాల్సొచ్చింది."